రాజుగారి కారు, మేస్త్రీ చేతి పానా

ఒక జాతి తన గతాన్ని ఏ విధంగా తలచుకుంటున్నదో తెలియాలంటే చరిత్ర గ్రంథాల కంటె ముందు దాని వస్తు ప్రదర్శనశాలలను చూడాలి. గ్రంథం వ్రాసినవాడు తన అభిప్రాయాన్ని దాచుకోలేడు. ప్రదర్శనశాల మాత్రం మౌనంగా ఉంటుంది. ఏ వస్తువును అద్దాల బీరువాలో నిలపాలో, ఏ వస్తువును పాత ఇనుము కొనేవాని తక్కెడలో వేయాలో ఎవరో ముందుగానే నిర్ణయించి ఉంటారు. ఆ నిర్ణయం మన కంటికి కనబడదు. అందువల్ల అక్కడ ఉన్నదే చరిత్ర అనీ, అక్కడ లేనిది చరిత్రలోనే లేదనీ నమ్మి ఇంటికి తిరిగి వస్తాము.

విహారయాత్రకు హైదరాబాదు వెళ్ళిన మన విద్యార్థులలో సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారాన్ని చూడనివారు అరుదు. గంట కొట్టే వేళ సమీపించగానే జనమంతా దాని ముందు గుమికూడుతారు. గడ్డం గల ఒక చిన్న బొమ్మ తలుపు తెరచుకొని బయటకు వస్తుంది, గంట మోగించి లోనికి పోతుంది. అందరూ ఆనందించి కదలిపోతారు. అదే గడియారంలో మరొక బొమ్మ ఉన్నది. అది కమ్మరి బొమ్మ. సెకనుకు ఒక దెబ్బ చొప్పున, గంటకు 3,600 దెబ్బలు వేస్తూనే ఉంటుంది. దానిని చూడడానికని ఎవరూ వేళ చూసుకొని రారు. యంత్రయుగపు చరిత్రను మనం భద్రపరుస్తున్న తీరు కూడ ఇట్లాగే ఉన్నదని నా అభిప్రాయం. గంట కొట్టినవానికి పీట వేశాము, సమ్మెట పట్టినవానిని మరచాము.

మన రాష్ట్రంలో తొలినాటి మోటారు వాహనాలను చూడగోరేవారు ముఖ్యంగా రెండు చోట్లకు వెళ్తారు. మొదటిది చౌమహల్లా ప్యాలెస్. 2005లో అది ప్రజల సందర్శనకు తెరచుకున్నది. దాని పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కోరి చేయించిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు అక్కడ ఉన్నది. 1911లో ఆయన కన్నుమూయగా, ఆ కారు ఏడవ నిజాం దర్బారు ఉత్సవాలకు వాహనమైంది. రెండవది పురానీ హవేలీలో 2000లో ప్రారంభమైన నిజాం మ్యూజియం. అక్కడ 1930 నాటి రోల్స్ రాయిస్, ప్యాకార్డు, జాగ్వార్ కార్లున్నాయి. వాటితోపాటు మనుషుల చేతి బలంతో పైకీ క్రిందికీ నడిచే పాతకాలపు చెక్క లిఫ్టు కూడ ఉన్నది.

ఈ వస్తువులను భద్రపరచడం తప్పని నేననను. అవి మన నేలపై జరిగిన చరిత్రకు సాక్ష్యాలు, వాటిని కాపాడినవారు ధన్యులు. అయితే వాటి ముందు నిలిచినప్పుడు మన నోట వచ్చే ప్రశ్నలేవి? ఇది ఎవరిది? ఎంత ఖరీదు? ఎంత వేగం? ఈ మూడింటితో మన జిజ్ఞాస తీరిపోతున్నది. ఆ చెక్క లిఫ్టును చేతులతో నడిపినది ఎవరు? అని అడిగేవారు తక్కువ. తొలినాటి మోటారు కారును ముందువైపు ఇనుప హ్యాండిల్ తగిలించి, బలంగా త్రిప్పి కదిలించవలసి వచ్చేది. ఇంజను ఎదురుతన్నితే ఆ హ్యాండిల్ వెనుకకు తిరిగి మనిషి మణికట్టును విరుగగొట్టేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో క్యాడిలాక్ కార్లకు అమరిన పిదపనే ఆ బాధ క్రమంగా తొలగింది. హ్యాండిల్ త్రిప్పే పని వెనుక సీటులో కూర్చున్న ప్రభువు చేసేది కాదు గదా! విరిగిన మణికట్టు ఎవరిదో ప్రదర్శనశాల మనకు చెప్పదు.

మోటారు పుట్టుకలోనే ఈ విషయానికి ఒక నిదర్శనం ఉన్నది. జర్మనీ దేశస్థుడు కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు కోరుతూ దరఖాస్తు చేశాడు. ఆ బండి దూరప్రయాణానికి పనికివస్తుందని లోకానికి చూపినది మాత్రం ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో ఆమె ఇద్దరు కుమారులను వెంట బెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం ఆ బండిమీద ప్రయాణించింది. దారిలో ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో ద్రావకం కొన్నది. ఇంధనపు గొట్టం పూడుకొనిపోతే తన టోపీకి పెట్టుకున్న సూదితో పొడిచి శుభ్రం చేసింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టేవాని చేత తోలు కొట్టించుకున్నది. ఆవిష్కర్త పేరు లోకమంతా మారుమ్రోగింది. ఆ చర్మకారుని చేయి పడకపోతే బండి కొండదారి దిగి ఉండేది కాదు. యంత్రాన్ని కనిపెట్టడం ఒక విద్య, దానిని నడిపించి నిలబెట్టడం మరొక విద్య. రెండవ విద్యకు పేటెంటు లేదు, పీట లేదు.

ఈ రెండవ విద్యను అక్షరబద్ధం చేసినవారు మన సంస్కృతిలో లేకపోలేదు. అల్ జజరీ అనే యంత్రనిపుణుడు 1206లో తన యంత్రగ్రంథాన్ని పూర్తి చేశాడు. నీటి గడియారాలను, నీళ్ళు తోడే యంత్రాలను వర్ణించడంతో ఆయన తృప్తి పడలేదు. ఏ భాగాన్ని దేనితో చేయాలో, ఏది దేనికి ఎట్లా అమర్చాలో చేతిపని తెలిసినవాని పద్ధతిలో బొమ్మలతో సహా వివరించాడు. ఫలితమేమి? 770 సంవత్సరాల తరువాత, 1976లో లండన్ సైన్స్ మ్యూజియంవారు ఆయన గ్రంథాన్ని ముందు పెట్టుకొని ఆయన నీటి గడియారాన్ని మళ్ళీ నిర్మించగలిగారు. వస్తువు నశించినా పనితనం కాగితంపై నిలిస్తే వస్తువు మళ్ళీ పుడుతుంది. పనితనం మనిషితోపాటు మట్టిలో కలిస్తే, మిగిలిన వస్తువు ఉత్త ఇనుపముక్క.

ఇక మన ప్రాంతాన్ని పరికించుదాము. దమ్మపేట అనగానే అడవి అంచున ఉన్న మారుమూల అని కొందరు తలుస్తారు. యంత్రయుగం దక్కన్‌లో అడుగుపెట్టిన తొలి త్రోవలలో ఒకటి మన పరిసరాల మీదుగానే సాగిందన్న సంగతి మన విద్యార్థులలోనే చాలమందికి తెలియదు. 1871 ప్రాంతంలో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందింది. 1920లో ఆ సంస్థ, సింగరేణి అనే చిన్న పల్లె పేరును తన పేరుగా చేసుకున్నది. డోర్నకల్ నుండి ఇల్లెందుకు రైలుమార్గం వచ్చినది బొగ్గు కోసమే. నిజాం రాజ్యపు రైళ్ళకు ఆహారం మన అడవుల క్రింది నేల నుండే వెళ్ళింది. ఇల్లెందును ఇప్పటికీ పెద్దలు బొగ్గుట్ట అనే పిలుస్తారు.

రైలు తరువాత బస్సు వచ్చింది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ మొదలైంది. నాడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. లెక్క వేసి చూడండి, ఒక్కొక్క బస్సు వెనుక ఆరుగురు మనుషులు! ఆనాటి ఆల్బియన్ బస్సును రాజధానిలో భద్రపరచడం ముదావహం. ఆ 166 మందిలో ఒక్కరి పేరైనా మనలో ఎందరికి తెలుసు? రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరవై, బస్సు వెనుక కొలిమివంటి డబ్బా కట్టి, కట్టెబొగ్గు రాజేసి, ఆ వాయువుతో బండి నడిపారు. తెల్లవారకముందే లేచి ఆ కొలిమిని రాజేసే క్లీనరు కుర్రవాని కళ్ళలోకి ఎంత పొగ పోయి ఉంటుందో ఊహించండి. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ భద్రాచలం దగ్గర గోదావరి వంతెనను ప్రారంభించేంతవరకు వాహనాలకు ఆ ఏరే హద్దు.

1966లో పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రం పని ఆరంభించింది. బొగ్గు కొత్తగూడెం గనులది, నీరు కిన్నెరసానిది. అర్ధశతాబ్దం పైగా దాని శీతలీకరణ గోపురాలు ఆకాశాన నిలిచి, బాటసారులకు పాల్వంచ వచ్చిందని చెప్పేవి. 2024 ఆగస్టు 5న పాత కేంద్రపు ఎనిమిది గోపురాలను పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. చూచుటకు జనం తరలివచ్చారు, సెల్‌ఫోనులలో చిత్రించుకున్నారు. క్షణాలలో దుమ్ము లేచింది, అణిగింది. హుసేన్‌సాగర్ ఒడ్డున 1920లో వెలసిన విద్యుత్కేంద్రానికి పట్టిన గతి కూడ ఇదే. అదీ నేడు లేదు.

కాలం చెల్లిన కేంద్రాన్ని తొలగించడం అవసరమే కావచ్చు. గోపురాలను నిలిపి ఉంచడం మన తరమా అని అడిగితే, కాదనే చెబుతాను. నా ప్రశ్న వేరు. అట్టి కేంద్రంలో మూడు షిఫ్టులలో పనిచేసిన మనిషి రాత్రిపూట ఏ మీటరును చూసి ఏమి గ్రహించేవాడో ఎవరైనా అడిగి వ్రాసుకున్నారా? అతని టార్చిలైటునో, భోజనపు డబ్బానో, హాజరు బిళ్ళనో ఎవరైనా అడిగి తీసుకున్నారా? గోపురం కూలడాన్ని వేలమంది చూశారు. గోపురాన్ని నడిపినవాని మాట వినడానికి ఒక్కరైనా వెళ్ళాలి గదా!

ఇక్కడ చట్టం వైపు కూడ దృష్టి సారించడం మంచిది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం 50 సంవత్సరాలు దాటి, అసలు రూపం చెడకుండ ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను వింటేజి వాహనాలుగా ప్రత్యేకంగా నమోదు చేయించుకోవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన మరొక నిబంధన ప్రకారం 15 సంవత్సరాలు దాటిన ప్రభుత్వ వాహనాలు, రవాణా సంస్థల బస్సులతో సహా, తుక్కుకు పోవాలి. కాలుష్యం తగ్గడానికి, ప్రయాణికుల క్షేమానికి ఇది మేలే. అయితే రెండు నిబంధనలను ప్రక్కప్రక్కన పెట్టి చదవండి. చారిత్రక గౌరవానికి 50 ఏళ్ళు నిండాలి, ప్రజల బస్సుకు ఆయువు 15 ఏళ్ళు. శ్రీమంతుని కారు షెడ్డులో నీడపట్టున పడుకొని యాభై ఏళ్ళు నిండించుకుంటుంది. మనలను పరీక్షలకు, ఆసుపత్రులకు, పెళ్ళిళ్ళకు మోసిన బస్సు ఎన్నడూ ఆ వయస్సుకు చేరదు. ఎవరో ఒకరు పూనుకొని ప్రక్కకు తీసి ఉంచితే తప్ప, నూరేళ్ళ తరువాత ఈ కాలపు ప్రదర్శనశాలలో కూడ కార్లే ఉంటాయి, బస్సు ఉండదు.

తెలుగు అధ్యాపకునిగా నాకు మరొక ఆరాటం ఉన్నది. వస్తువులవలెనే మాటలు కూడ పురావస్తువులే. మన టైరు షెడ్డులో పంక్చరు వేసే కుర్రవాడు అదనపు చక్రాన్ని స్టెప్నీ అంటాడు. ఇంగ్లండు, వేల్స్ దేశాలలోనే ఆ మాట దాదాపు మరుగున పడింది. 1904 ప్రాంతంలో వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో, స్టెప్నీ వీధిలో దుకాణమున్న డేవిస్ సోదరులు అదనపు చక్రాన్ని తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరే చక్రానికి పేరై, సముద్రాలు దాటి మన దమ్మపేట రోడ్డు ప్రక్కన నేటికీ సజీవంగా ఉన్నది. సామాను పెట్టే చోటిని మనం డిక్కీ అంటాము. తొలినాటి కార్లకు వెనుక భాగంలో తెరచి మూసే ఆరుబయటి సీటు ఉండేది, దాని పేరు డిక్కీ. సీటు పోయింది, పేరు మిగిలింది.

మన షెడ్డు భాషలో ఇంగ్లీషు ఒక పాయ మాత్రమే. పానా, మరమ్మతు, కార్ఖానా, కళాయి మొదలైనవి ఉర్దూ తెలుగు రెండింటా ఒకే విధంగా చెల్లే మాటలు. ఉర్దూలో మిస్త్రీ అంటాము, తెలుగులో మేస్త్రీ అంటాము, రెండూ పోర్చుగీసువారి పదం నుండి వచ్చినవే. ఒక లారీ ఇంజను విప్పే సమయంలో మన ఊరి షెడ్డులో నాలుగు భాషలు కలసి పనిచేస్తాయి, ఏ భాషా మరొక భాషతో తగవు పడదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన వ్యవసాయ వృత్తిపదకోశం, 1971లో చేనేత వృత్తిపదకోశం వెలువడ్డాయి. నాగలికీ మగ్గానికీ దక్కిన ఆ గౌరవం మన ప్రాంతపు పానాకూ జాకీకీ దక్కాలి. ఆ పని రెండు భాషలు ఒకే కప్పు క్రింద బోధించే మనవంటి కళాశాల చేయకపోతే ఎవరు చేస్తారు?

దీనికి రాగల ఆక్షేపణలను నేనెరుగుదును. పిల్లలకు కంప్యూటరు నేర్పవలసిన రోజులలో పాత ఇనుము ఏరుకోవడమా అని కొందరంటారు. పాతదాని పనితీరు విప్పి చూసినవాడే క్రొత్తదానిని ధైర్యంగా ముట్టుకుంటాడని నా సమాధానం. అల్పసంఖ్యాకుల కళాశాల, నిధులు చాలవు, ఉన్న గదులే చాలవు అని మరికొందరంటారు. నిజమే. కాని నేను అడిగేది రోల్స్ రాయిస్ కారును కాదు. ఒక పాత హ్యాండిల్, ఒక రబ్బరు బుడగ హారను, కండక్టరు టిక్కెట్లకు చిల్లు వేసిన పంచి, గనికార్మికుని దీపం, పొలాలలో కరెంటు మోటార్లు రాకముందటి ఆయిల్ ఇంజను చక్రం, కళాయి పెట్టేవారి కొలిమితిత్తి, దూదేకులవారి దూది ఏకే విల్లు. వీటిని అమ్మితే కిలోల లెక్కన వచ్చే డబ్బు స్వల్పం. పోతే మళ్ళీ తెచ్చుకోవడం మాత్రం ఏ నిధులకూ సాధ్యం కాదు.

ఇంతకంటె ముఖ్యమైన కారణం ఒకటి ఉన్నది. ప్రతి సంవత్సరం ప్రవేశ దరఖాస్తులలో తండ్రి వృత్తి అన్న గడి దగ్గర కలం ఆగిపోయే విద్యార్థులు మన మధ్య ఉన్నారు. తండ్రి మెకానిక్కు, వెల్డరు, లారీ డ్రైవరు, దర్జీ. ఆ మాట వ్రాయడానికి జంకి, వ్యాపారం అని వ్రాసి ఊరుకుంటారు. చదువు వారికి తండ్రిపట్ల గౌరవాన్ని పెంచవలసింది పోయి, సిగ్గును నేర్పిందన్నమాట. శబ్దం విని ఇంజను జబ్బు చెప్పగల తండ్రి చదువురానివాడు ఎట్లా అవుతాడు? ఆ తండ్రి చేతి పానా, అతని పేరుతో, అతని మాటలతో ఒక కళాశాల గదిలో గౌరవంగా నిలిస్తే, ఆ గడిలో నిజం వ్రాయడానికి ఆ బిడ్డకు చేయి వణకదు. ఈ ఒక్క ఫలితం కోసమైనా ఆ గది కావాలి.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. గ్రంథాలయానికి ప్రక్కన ఒక చిన్న గదిని, అది లేకుంటే వరండాలో రెండు బీరువాలను కేటాయించండి. ఒక రిజిస్టరు పెట్టండి. అందులో వస్తువు పేరు, కంపెనీ పేరు వ్రాసే ముందు దానిని వాడిన మనిషి పేరు, ఊరు, చేసిన పని ఉర్దూ తెలుగు లిపులు రెండింటిలో వ్రాయించండి. పదిహేనేళ్ళు నిండి తుక్కుకు పోనున్న బస్సులలో ఒక్కదానినైనా జిల్లా ప్రజల కోసం భద్రపరచవలసిందిగా అధికారులకు కమిటీ తరఫున ఒక వినతిపత్రం పంపండి.

విద్యార్థులారా, మీ వంతు పని కూడ ఉన్నది. మీలో ఒక్కొక్కరు ఒక్కొక్క పెద్దమనిషిని ఎన్నుకొని, ఆయన చేసిన పనిని, వాడిన మాటలను ఆయన నోట చెప్పించుకొని యథాతథంగా వ్రాయండి. దిద్ది అందగింపచూడకండి. తెలుగు, ఉర్దూ శాఖలు కలసి ఆ మాటలను అకారాది క్రమంలో కూర్చి, రానున్న వార్షిక సంచికలో అచ్చు వేద్దాము. ఒక్క జాగ్రత్త మాత్రం పాటించండి. ఇంకా పనిలో ఉన్న పనిముట్టును ఎవరి చేతి నుండీ తీసుకోరాదు, దాని స్థానం ఆ చేతిలోనే. కోయ గూడేలలోగాని, పేదల ఇండ్లలోగాని వారికి తెలియజెప్పకుండ, రసీదు ఇవ్వకుండ ఒక్క మేకునైనా తేరాదు. ఇచ్చినవారు మళ్ళీ అడిగితే మారుమాట లేకుండ తిరిగి ఇవ్వాలి.

మన పెద్దలలో యుద్ధకాలపు బొగ్గుబస్సును ఎరిగినవారు మిక్కిలి కొద్దిమంది. ఆయిల్ ఇంజనును చేత్తో త్రిప్పి కదిలించినవారు ఇంకా ఉన్నారు, వారి చెవులకు ఆ శబ్దం జ్ఞాపకమున్నది. వేసవి సెలవులు రానున్నాయి. ఊరికి వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట తీసుకొని వెళ్ళండి.